అప్‌డేట్: కారు లేకుండా లండన్ నుంచి ఒక్కరోజు పల్లె ప్రయాణం

అమ్మానాన్నలతో లండన్ నుంచి రైలులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల పాత ఊరేదైనా ఉందా అని నేను అడిగినప్పుడు, ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండప్రాంతంలో ఉన్న చిప్పింగ్ క్యాంప్‌డెన్‌ను సూచించిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ప్యాడింగ్టన్‌లో రైలెక్కి, సుమారు గంటన్నరలో మోర్టన్-ఇన్-మార్ష్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో చేరుకున్నాము.

వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవారికి నీడగా లండన్ వస్త్ర వ్యాపారి సర్ బాప్టిస్ట్ హిక్స్ 1627లో కట్టించిన రాతి సంతమండపం ప్రధాన వీధిలో నేటికీ నిలిచి ఉంది. అరిగి ఎగుడుదిగుడైన దాని రాతినేల మీద నిలబడి నాన్నగారు చాలాసేపు పైకప్పు దూలాలనే చూస్తూ ఉండిపోయారు. నా దృష్టిలో ఆ ఊరికి అదే ప్రాణం. ఉన్ని వ్యాపారుల సంపదతో పెరిగిన సెయింట్ జేమ్స్ చర్చి, దాని సమీపంలో సర్ బాప్టిస్ట్ హిక్సే 1612లో ఆరుగురు పురుషులకు, ఆరుగురు స్త్రీలకు కట్టించిన పేదల ఇళ్లు కూడా తప్పక చూడదగినవి. ఓపిక ఉన్నవారు డోవర్స్ హిల్ అనే కొండ వరకు నడిస్తే ఈవ్‌షామ్ లోయ అంతా కనిపిస్తుంది.

పెద్దవారితో వెళ్లేవారు వారపు రోజునే ఎంచుకుని, తిరుగు బస్సు వేళను ముందుగానే సరిచూసుకోవాలని నా మనవి.