కెంజాన్ పూలబుట్టలు: ఇందులో కుమ్మరి చెయ్యి ఉందా?

మట్టిచేతులు:
జపాన్ కుమ్మరి ఒగాతా కెంజాన్ (1663–1743) అంటే నాకు ఇన్నాళ్లూ పళ్లేలూ గిన్నెలే. మొన్న ఆయన వేసిన పూలబుట్టల చిత్రం ఫొటో చూశాను. అసలుది జపాన్‌లో ఫుకుఒకా ఆర్ట్ మ్యూజియంలో ఉంది. నిలువుపాటి కాగితం మీద మూడు బుట్టలు, వాటిలో శరత్కాలపు పూలు, తన చేత్తోనే రాసిన ఒక కవిత. బుట్టల కింద బల్ల లేదు, నేల లేదు, నీడ లేదు. అయినా గాల్లో వేలాడుతున్నట్టు అనిపించదు. అల్లికేమో ఒక్క ఊపులో గీసినట్టుంది. ఆరేళ్లుగా సారె ముందు కూర్చుంటున్న మనిషిని కాబట్టి నాకే అలా కనిపిస్తోందా, నిజంగానే ఇది కుమ్మరి గీతా?

పాతకుంచె:
కుమ్మరి గీతేనండీ. ఒకసారి కాల్చి, ఇంకా గ్లేజు (గాజులాంటి పూత) వెయ్యని పళ్లెం మీద ఇనుప రంగుతో గీసి చూడండి. కుంచె ఆనగానే మట్టి తడినంతా పీల్చేస్తుంది. క్షణం ఆగితే మచ్చ పడుతుంది, సాగదీస్తే గీత మధ్యలోనే ఎండి తెగిపోతుంది. ఒక్క గడ్డిపరక కోసం నేను నాలుగు పళ్లేలు పాడుచేశాను. అయిదోదాని మీద మణికట్టు కదపకుండా భుజంతో లాగితే వచ్చింది. 1699లో క్యోటో శివార్లలో, నరుతాకిలో ఆవం పెట్టుకున్నప్పటి నుంచీ కెంజాన్‌కు అదే పని. ఇక నేల, నీడ అంటారా, పళ్లెం మీద పువ్వు వేసేవాడికి పళ్లెమే నేల.

గోడమీదిబొమ్మ:
అంతా మట్టికే కట్టబెట్టకండి. ఆయన అన్న కోరిన్ చిత్రకారుడు. టోక్యోలోని నెజు మ్యూజియంలో ఉన్న ఆయన ఐరిస్ పూల మడత తెరల్లో బంగారు రేకు మీద పూలూ ఆకులూ తప్ప నీళ్లు కూడా లేవు. నేల వదిలెయ్యడం ఇంట్లోనే నేర్చుకుని ఉండవచ్చు కదా?

పాతకుంచె:
నేల సంగతి ఒప్పుకుంటున్నాను. తొందరపడి మాట్లాడాను. బొమ్మ పక్కన కవిత రాయడం మాత్రం పళ్లేల నుంచే వచ్చిందంటాను. అన్నదమ్ములు కలిసి చేసిన పలకల్లాంటి పళ్లేలు చూడండి: బొమ్మ కోరిన్‌ది, అక్షరాలు కెంజాన్‌వి. బొమ్మకూ కవితకూ ఒకే పళ్లెంలో చోటు సర్దడం అక్కడ పట్టుబడిన విద్య. కోరిన్ 1716లోనే పోయాడు. ఈ చిత్రం మీద కెంజాన్ తన వయసు 81 అని రాసుకున్నాడు, అది పుట్టిన ఏడాదినే ఒకటిగా లెక్కపెట్టే జపాన్ పాత లెక్క, మన లెక్కలో 79 లేదా 80. ఈసారి బొమ్మ కూడా తనే వేసుకోవాల్సి వచ్చింది.

మట్టిచేతులు:
మీ మాట మీద రాత్రి ఒక పళ్లెం తీసి బుట్ట అల్లిక గీశాను. తొమ్మిది గీతల్లో రెండు నిలిచాయి. మిగతా ఏడూ గొంగళిపురుగుల్లా ఉన్నాయి. ఆ రెండూ ఎలా వచ్చాయో నాకే తెలియదు.