ఇనుమారా, ఇరుమారా? గొడ్డలి ఏమంటుంది?

నాగావళి గట్టు: ఇనుము విరిగితే రెండు మూడు సార్లు కాచి అతకవచ్చు, మనసు విరిగితే మళ్లీ అంటదు అనే వేమన పద్యంలో “ఇనుము విరిగెనేని” తర్వాత ముక్క “ఇనుమారు ముమ్మారు” అనా, “ఇరుమారు ముమ్మారు” అనా? రెండూ చెవికి అలవాటే. గణం రెంటికీ సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), యతీ ఇ–ఇ కుదురుతోంది. ఛందస్సు తీర్పు చెప్పనంటోంది, మీరు చెప్పండి.

కోట జంక్షన్: ఇనుమారే. తర్వాత మకారం వస్తే ఇరు కాస్తా ఇను అవుతుంది. ఇనుమడి, ఇనుమడించు చూడండి. పక్కనే ముమ్మారు ఉంది గనక ముమ్మడికి జోడు ఇనుమడి ఎలాగో ఇదీ అలాగే.

ఉద్దానం జీడి: మకారం ముందు ఇరు నిలవదంటే ఇరుముడి ఎక్కడిది మాస్టారూ?

కోట జంక్షన్: అది శబరిమల దారిన వచ్చిన మాట బాబూ, మన సంధికి సాక్ష్యం కాదు.

వంశధార: నా లెక్క వేరు. ఇనుము + మారు, ఇనుమారు. కొలిమిలో ఇనుము రంగు మారుతుంది గదా!

కోట జంక్షన్: అప్పుడు ముమ్మారు “మూడు మారు”గా ఒక్కటే మిగిలి దేనికీ అతకదు. లెక్క పక్కన లెక్కే ఉండాలి.

సాలూరు సంత: అక్షరం సంగతి మీరు తేల్చుకోండి గానీ, ఆ రెండూ మూడూ పాదం నింపడానికి వేసినవి కావు. అవి ఎన్నిసార్లు కాచాలో చెప్పే హద్దు. అడవి గొడ్డలి చూడండి. ఒళ్లంతా మెత్తని ఇనుము, అంచున ఉక్కు నాలుక. ఇప్పుడైతే ఆ నాలుక ఎక్కువగా లారీ కమాను పట్టీ ముక్కే. రెంటినీ కాచి అతకాలి. మెత్తని ఇనుము తెల్లకాక దాకా వెళ్లినా తట్టుకుంటుంది, ఉక్కు ఆ కాకకి మాడిపోతుంది. రవ్వలు పూలలా లేచాయంటే ఉక్కు కాలిందనే, ఆ చోటు తర్వాత పొడిపొడిగా రాలుతుంది. అందుకే ఎర్రగా ఉండగానే వెలిగారం (చిట్టెం కరిగించే పొడి) చల్లి, మళ్లీ కాచి, పసుపు తెల్లబడే వేళకే తీసి, నడుమ నుంచి అంచులకి తేలిక దెబ్బలు. మొదటి దెబ్బే గట్టిగా వేస్తే రెండు ముక్కలూ జారిపోతాయి. అంచు నుంచి మొదలెడితే చిట్టెం (కాకకి ఇనుము మీద పట్టే మడ్డి) లోపలే చిక్కుకుంటుంది. కాచిన ప్రతిసారీ కొంత ఇనుము చిట్టెమై రాలుతుంది, ఉక్కులో బొగ్గుసారం (కార్బన్) పైపొరలో తగ్గుతుంది. మూడుసార్లు దాటితే గొడ్డలి తూకం తగ్గుతుంది, అంచు మొద్దుబారుతుంది.

ఉద్దానం జీడి: ఉక్కుకైతే సరే. పాతకాలపు కొలిమి ఇనుముకి అలా కాదు, కాచి మడిచి కొట్టినకొద్దీ చిట్టెం పిండుకుపోయి బాగుపడుతుంది. వేమన అన్నది ఇనుము, ఉక్కు కాదు. మీ హద్దు పద్యంలో లేదు.

సాలూరు సంత: “క్రమముగాను” అన్నాడు గదా. వరస తప్పితే అతకదనేగా.

వంశధార: “విశ్వదాభిరామ” మకుటంలోని అభిరాముడు కంసాలి అంటారు గదా కథలో, అతని పక్కన ఇనుము ఊసేటి?

నాగావళి గట్టు: అక్కడే వేమన్న గడుసుతనం. బంగారం ముక్కలు అతకాలంటే టంకం పొడి కావాలి, మధ్యవర్తి. ఇనుము తనతో తనే అతుకుతుంది. మనసుకి మధ్యవర్తి పెట్టినా అంటదని అర్థం. “మరియంట నేర్చునా” అన్నచోట ఆ “అంటు” ఎంత బిగువో!

కోట జంక్షన్: “కాకలు తీరిన” అన్న మాట కూడా కొలిమిదేనని నా పట్టు. కాక అంటే కాపే. ఎన్ని కాకలు తిన్నది, తీరింది అని. “పదును” చూడండి, దుక్కిలో తడికీ గొడ్డలి అంచుకీ ఒకే మాట. ఎక్కువా తక్కువా కాని సరైన స్థితి అన్నమాట.

ఉద్దానం జీడి: పదును అనగానే అంచు వాడి అంటారు చాలామంది. వాడి ఆకురాయి ఇస్తుంది, పదును కొలిమి ఇస్తుంది. అయస్కాంతం అంటుకోని ఎరుపు దాకా కాచి నూనెలో ముంచాలి, తర్వాత మళ్లీ మెల్లగా వేడిచేసి గోధుమ రంగు ఊదాకి తిరిగేచోట ఆపాలి. సుమారు 270–290 డిగ్రీలు. ముందే ఆపితే చింత కణుపు తగలగానే అంచు పెచ్చులూడుతుంది, నీలం దాటనిస్తే మడత పడుతుంది.

వంశధార: బరువు ఎంత ఉంటే మంచిది? రెండు కిలోలదే గట్టిదంటారు.

సాలూరు సంత: పచ్చి చెట్టు నరకడానికి కామ (కర్ర పిడి) కాకుండా కిలోన్నర చాలు, బుగ్గలు (అంచు వెనక రెండు పక్కలు) పలచగా ఉండాలి. జీడికొమ్మలకి 800, 900 గ్రాములు. రెండు కిలోలు దాటింది మొద్దులు చీల్చడానికి, దానికి బుగ్గలు లావు. చీల్చేదాంతో నరికితే దెబ్బ ఎగురుతుంది, నరికేదాంతో చీలిస్తే మొద్దులో ఇరుక్కుంటుంది. తూకం ఒక్కటే చూసి కొనకూడదు. తాడుకి వేలాడదీసి మీటితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల బీట ఉండొచ్చు.

కోట జంక్షన్: ఇక ఇనుమారు తేలినట్టే. అందరూ ముమ్మారు పక్కన లెక్కే ఉండాలన్నారు.

నాగావళి గట్టు: అలా ఎవరన్నారు? ఇరుమారూ లెక్కే గదా మాస్టారూ. పైగా రెండో పాదంలో “కాచి యతుకవచ్చు” తర్వాత క్రమమా, గ్రమమా? “వచ్చు” ద్రుతాంతమైతే (చివర నకారం ఉన్న మాటైతే) క కాస్తా గ అయి గ్రమమే రావాలి, యతికి రెండూ సరే.

సాలూరు సంత: గొడ్డలి అతుకు మంచిదో కాదో చూడాలంటే అంచు మెరిసేలా తోమి రాత్రి నిమ్మరసం రాసి ఉంచండి. పొద్దుటికి ఉక్కు నల్లబడుతుంది, మెత్తని ఇనుము బూడిదరంగులో ఉంటుంది. నడుమ గీత సన్నగా, అంతటా ఒకేలా ఉంటే అతుకు మంచిది. ఎక్కడైనా నల్లగా లోతుగా కనిపిస్తే అక్కడే విరుగుతుంది.

ఉద్దానం జీడి: గ్రమమే. ఇరుమారు గ్రమమే.