జీక్యూ పుట్టింది 1931లోనా, 1957లోనా? గోడ చార్టు మీద ఏది రాయాలి

చౌరస్తా కత్తెర:
హనుమకొండ టైలరింగ్ శిక్షణ తరగతి గోడకు చార్టు రాస్తున్నం. మగవాళ్ల ఫ్యాషన్ పత్రికల వరుస. మొదటి గీతల "జీక్యూ – 1931" అని పెట్టిన. చూసినాయన ఒకరు అది తప్పు, 1957 అంటున్నడు. రేపు పిల్లలు దాన్నే చదువుకుంటరు. తెలిసినోళ్లు చెప్పున్రి.

పాత పేజీలు:
1957 అన్నాయనదే కరెక్టు. 1931లో అమెరికాలో మొదలైంది 'అపారెల్ ఆర్ట్స్'. హోల్‌సేల్ వ్యాపారులకూ బట్టల దుకాణదారులకూ వేసిన పుస్తకం అది. మామూలు మనిషి కొనుక్కునేది కాదు. 1957లో 'జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీ' అన్న పేరు వచ్చి చేరింది. మరుసటి ఏడు పాత పేరు ఎత్తేశారు. జీక్యూ అన్న పొట్టి పేరు 1967లో, నెలనెలా రావడం 1970లో. 1931 అని రాస్తే తాత పుట్టినరోజు మనవడికి చేసినట్టు.

కాజీపేట లోకల్:
అపారెల్ అనాలా, అపారల్ అనాలా? ముందు అది తేల్చండి.

చౌరస్తా కత్తెర:
తాత మాట బాగనే ఉంది. ఆ తాత చేసిన పని కూడా చూడున్రి. ఆ పుస్తకంల బట్ట ముక్కలు అతికిచ్చి పంపేటోళ్లు. బొమ్మ పక్కనే అసలు గుడ్డ. దుకాణదారు బొమ్మ చూపెట్టి, ముక్క చేతికిచ్చి, ఆర్డరు రాసుకునేది. మన సూటింగ్ షాపుల కౌంటరు మీద శాంపిల్ బుక్కు ఎట్లనో గట్ల. బట్ట, కోత, అమ్మకం మూడూ ఒక్క తాన ఉన్న పుస్తకం అది. 1957 తర్వాత చూసుడే తప్ప ముట్టుడు లేదు. కుట్టేటోని లెక్కల 1931యే మొదలు.

పాత పేజీలు:
ముక్కల సంగతి నేను కాదనలేదే! నేనన్నది పాఠకుడి గురించి. దుకాణంలో పెట్టిన ఆ పుస్తకాలను బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు చేతపట్టుకుని పోవడం మొదలుపెట్టారు. జనానికి ఇలాంటిది కావాలని తెలిసిపోయి, వేసినవాళ్లే 1933లో 'ఎస్క్వైర్' తెచ్చారు. సంపాదకుడు ఆర్నాల్డ్ గింగ్రిచ్, ధర 50 సెంట్లు, మొదటి సంచికలోనే అమెరికా రచయిత హెమింగ్వే రచన. పాఠకుల పత్రికగా ముందు పుట్టింది అదే. మీ చార్టులో మొదటి గీత ఎస్క్వైర్‌ది, రెండోది 1957 జీక్యూది.

చౌరస్తా కత్తెర:
ఆ మొదటి సంచిక 1,05,000 కాపీల్లో లక్ష పోయింది బట్టల దుకాణాలకే. పత్రికలమ్మే చోటికి పోయినయి 5,000. అవి ఒడిసిపోతే దుకాణాల నుంచి వాపస్ తెప్పిచ్చి అమ్మిన్రు. ఎస్క్వైర్ కూడా దుకాణం బిడ్డనే.

పాత పేజీలు:
వాపస్ ఎందుకు తెప్పించారో మీరే చెప్పారు: చదివేవాడు అడిగాడు కాబట్టి. 1934 జనవరి నుంచి దాన్ని నెలనెలా వేసిందీ అందుకే.

కొత్తవాడ మగ్గం:
1934 అంటే మన వరంగల్ ఆజం జాహీ బట్టల మిల్లు పెట్టిన ఏడు. గా చార్టుల దానికి ఒక్క గీత పెట్టరాదున్రి?

కాజీపేట లోకల్:
మిల్లు పత్రిక కాదు కాకా.

కొత్తవాడ మగ్గం:
పత్రికలేమన్న బట్ట నేస్తయా?

ఇస్త్రీ పెట్టె:
సంవత్సరం ఏదైనా రాసుకోండి. ఆ 1930ల బొమ్మలు చార్టు మీద అతికిస్తే మాత్రం కింద కొన్ని సంగతులు రాయండి, లేకపోతే పిల్లలు బొమ్మను నమ్మి బట్ట పాడుచేస్తారు.

మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలలు, అంటే తన తల పొడవుకు ఏడున్నర రెట్లు. ఫ్యాషన్ బొమ్మ గీసేవాడు ఎనిమిదిన్నర, తొమ్మిది చేస్తాడు, ఆ పెంచింది చాలావరకు కాళ్లలోనే. బొమ్మను స్కేలుతో కొలిచి కోటు పొడవు తీస్తే పొట్టిగా వస్తుంది. మెడ వెనుక ఎముక నుంచి నేల దాకా టేపు పట్టి, అందులో సగం దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవాలి.

ఆ రోజుల్లో ప్యాంటు నడుము బొడ్డు దగ్గర ఉండేది. ఇప్పుడు రెండు మూడు అంగుళాలు కిందికి దిగింది. ఆ కోటు ఈ ప్యాంటు మీద వేస్తే బొత్తాం కింద చొక్కా త్రికోణంలా బయటపడుతుంది, టై కొస కూడా. దాన్ని కప్పడానికి కోటు పొడవు పెంచుతారు, అక్కడితో మొత్తం చెడుతుంది. పెంచాల్సింది ప్యాంటు రైజు, అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి నడుము పట్టీ దాకా ఉండే ఎత్తు.

ఇక బట్ట. అప్పటి సూటింగ్ గజానికి 16 నుంచి 18 ఔన్సులు ఉండేది, అంటే మీటరుకు 500 నుంచి 560 గ్రాములు. ఇప్పుడు మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 240–280 గ్రాములది. మేలో 44 డిగ్రీల పెళ్లికి అది కూడా బరువే. ఆ బొమ్మలో లాపెల్ (కోటు ఛాతీ మీద బయటికి మడిచిన అంచు) గుండ్రంగా మడత తిరుగుతుందంటే బట్ట బరువు వల్ల, లోపల బిగువు కోసం కుట్టే కాన్వాస్ గుడ్డ వల్ల. పల్చటి బట్టకు కాన్వాస్ బదులు ఫ్యూజింగ్ (వేడికి అంటుకునే జిగురు గుడ్డ) వేసి చేతి ఇస్త్రీతో అంటిస్తే వేడి ఒకచోట పడి ఒకచోట పడదు, డ్రైవాష్‌కు ఒకసారి వెళ్లొస్తే ఛాతీ మీద బుడగలు. ప్రెస్ మీద 130–150 డిగ్రీల్లో, ఒత్తిడి అంతటా సమానంగా, 12–15 సెకన్లు పట్టాలి. కాన్వాస్ వేసేవాళ్లు ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, తర్వాతే కోయాలి. లేకపోతే కుట్టాక అది కుదించుకుని ముందు భాగాన్ని లాగుతుంది.

డబుల్ బ్రెస్ట్ (ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, రెండు వరసల బొత్తాలుండే కోటు) అయితే మామూలు సూటుకు తీసే మూడుంపావు మీటర్ల మీద ఇంకో 25 సెంటీమీటర్లు.

చౌరస్తా కత్తెర:
గిదే నేను మొత్తుకునేది! ఇవన్ని కౌంటరు ఇవతల నిలబడ్డోనికి తెలుస్తయి. పుస్తకం దుకాణంల ఉన్నన్ని రోజులు బొమ్మ పక్కన గుడ్డ ఉండె, చెప్పే మనిషి ఉండె. బొమ్మ ఒక్కటే ఇంటికి పోయినంక లొల్లి మొదలైంది. ఇప్పుడు ఫోన్ల చూపెట్టి "అచ్చం గిట్లనే" అంటరు. ఆ బట్టకు ఆ కోత నిలబడదంటే వినరు. కుట్టినంక కూలి పట్టుకుంటరు.

పాత పేజీలు:
ఇప్పుడు బయటపడింది. మీకు పత్రిక వయసుతో పనిలేదు, బొమ్మ పట్టుకొచ్చేవాడు గిట్టడు. దుకాణదారు చేతిలో పుస్తకం ఉన్నన్నాళ్లు తన దగ్గర మిగిలిన సరుకే ఫ్యాషన్ అని అమ్మే వీలు అతనికి ఉంది. కొనేవాడి చేతికి పత్రిక వచ్చాకే "ఇది కాదు, అది" అనగలిగాడు. ఆ మార్పుకే నేను 1957 అంటున్నాను.

చౌరస్తా కత్తెర:
అడుగుడు తప్పనలే. తప్పు వచ్చినప్పుడు నష్టం ఎవరి మీద పడుతుందన్నదే నా మాట. 1957 అని రాస్తే పత్రిక చూసేటోనిదే, కుట్టేటోనిది కాదని మా పిల్లలకు మేమే రాసిచ్చినట్టు. గోడ మాది.

పాత పేజీలు:
గోడ మీదైతే సంవత్సరం కూడా మీదవుతుందా?

కాజీపేట లోకల్:
జీక్యూ ఇండియా 2008 అని రాయండి. దాంట్లో తగాదా లేదు.

ఇస్త్రీ పెట్టె:
రెండు గీతలు పెట్టండి. 1931 అపారెల్ ఆర్ట్స్, దుకాణాలకు. 1957 జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీ, చదివేవాళ్లకు. మధ్యలో 1933 ఎస్క్వైర్.

చౌరస్తా కత్తెర:
రాసిన. 1931 పెద్ద అక్షరాల్ల.

పాత పేజీలు:
పాత పేరు పోయింది 1958లో. అది రాశారా?

కొత్తవాడ మగ్గం:
మిల్లు?