చంటిబిడ్డలో ఉన్న చన్ను

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: "బాలింతల కోసం తెలుగులో కరపత్రం రాస్తున్నాను. చన్ను అని రాస్తే బూతులా ఉందంటున్నారు మా ఇంట్లో. స్తనం అని మార్చాలా? అసలు ఈ మాట ఎక్కడిది?"

మార్చొద్దమ్మా. అది బూతు కాదు, అచ్చ తెలుగు మాట. ఏ సంకోచమూ లేకుండా మనం రోజూ అనే "చంటిబిడ్డ"లో ఉన్నది అదే.

కన్ను అనే మాటకు విభక్తి చేరేటప్పుడు కంటి అవుతుంది: కంటికి, కంటిలో. పన్ను పంటి అవుతుంది, మన్ను మంటి అవుతుంది. అలాగే చన్ను చంటి అయింది. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. చంటిబిడ్డ అంటే చన్ను తాగే బిడ్డ, అంతే. సమాసాల్లోనూ ఇదే జోడీ కనిపిస్తుంది: కనురెప్ప, కనుచూపు ఎలాగో చనుబాలు, చనుమొన అలాగ. బహువచనంలో కండ్లు, కళ్ళు అన్నట్టే చండ్లు, చళ్ళు. ఒక్క మాట ఇంత పద్ధతిగా కన్ను, పన్ను పక్కన నడుస్తుంటే దాన్ని మాత్రం విడదీసి తిట్ల జాబితాలో వేయడం నాకు బాధగా ఉంటుంది. కావ్యాల్లో కనిపించే "చనియెన్" మాత్రం వేరు. అది వెళ్ళడం అనే అర్థమున్న క్రియ, దీనితో కలపకండి.

ఒడిశాలోనే ఉన్న మా పర్లాకిమిడి వైపు పల్లెల్లో చ కాస్తా స అవుతుంది. సన్ను, సంటిపిల్ల, సంటిగుంట అంటారు. ఆవు పాలు పితికేటప్పుడు "ఈ సన్నుకి పాలు దిగడం లేదు" అని అందరి ముందూ గట్టిగానే చెబుతారు. పశువు విషయంలో లేని సిగ్గు మనిషి దగ్గరకొచ్చేసరికి వస్తుంది.

ఆ సిగ్గు ఏం చేస్తుందో మా ఇంట్లోనే చూశాం. మా పిన్ని కూతురు కాన్పయిన కొత్తలో పాలు గడ్డకట్టి జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళింది. ఒడియా డాక్టరు గారి ముందు ఆ మాట అనలేక "ఛాతీ నొప్పి" అంది. ఒడియాలోనూ ఛాతి అంటే రొమ్ముభాగమే కదా, ఆయన ఈసీజీ తీయించారు. తోడు వెళ్ళిన మా అత్తమ్మ చేత్తో చూపించి "సన్ను, బాబూ, సన్ను" అంటే అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ అరపూట టెన్షన్ మాకిప్పటికీ గుర్తే.

ఇక స్తనం సంస్కృతం. ప్రాకృతంలో థణ, ఒడియాలో థన. అదీ మంచి మాటే, పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిందే. కుచం, వక్షోజం, పయోధరం కూడా సంస్కృతం నుంచి వచ్చినవే. పయోధరమంటే పాలను ధరించేది, నీటిని ధరించే మేఘానికీ అదే పేరు. ఇవి పద్యంలో ఎంత అందంగా ఉన్నా, నొప్పి ఎక్కడుందో చెప్పడానికి ఏ తల్లి నోటా రావు.

రొమ్ము మాట కూడా ఒకరు అడిగారు. అది ఆడా మగా ఇద్దరికీ చెల్లుతుంది. "రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు" అంటాం కదా. రొమ్ము క్యాన్సర్ అనే పేరు స్థిరపడిపోయింది కాబట్టి అక్కడ దాన్నే వాడండి. పాలిచ్చే సంగతి రాసేటప్పుడు మాత్రం చన్నుకు సాటి లేదు.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడి నుంచే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అన్నట్టు పెరిగిన మన ఆడపిల్లలకు అమ్మ దగ్గర విన్న మాటే ఒంటి మీద పట్టున్న మాట. దాన్నీ లాగేసుకుంటే మిగిలేది సైగ.

కరపత్రంలో ఇలా రాయండి: "పుట్టిన గంటలోపే బిడ్డకు చన్నివ్వండి. ఆరు నెలల వరకు చనుబాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. చనుమొన పగిలినా, చన్ను గట్టిపడి జ్వరం వచ్చినా ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పండి." పక్కన బ్రాకెట్లో సన్ను అని కూడా వేయండి, మన ఊళ్ళవాళ్ళు చదివేది అలాగే.