అన్నయ్యతో పూర్తి మ్యాచ్ అయినా బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ ఆపేశారు, ఎందుకు?

సతీష్: రాత్రంతా రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నా, బుర్ర పనిచేయట్లేదు. మా చిన్నోడికి ఈబీవీ వైరస్ వల్ల హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పే జబ్బు) వచ్చింది, డెక్సా అనే స్టెరాయిడ్, ఎటొపొసైడ్ ఇస్తున్నారు, జ్వరం లేదు, జబ్బు తీవ్రత చూపే ఫెరిటిన్ దిగింది. దాత కణాలు కలుస్తాయా అని చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో పెద్దోడిది పదికి పది కలిసింది. ఇంకేం కావాలి? డాక్టర్లు ఆగమంటారు, ఎందుకో చెప్పరు.

కుమార్: బొడ్డుతాడు రక్తం దాచారా అని అడగబోయేవాళ్లకి ముందే చెప్తున్నా. జన్యులోపంతో పుట్టిన బిడ్డకి వాడి రక్తమే ఎక్కిస్తే ఆ లోపమే మళ్లీ ఎక్కుతుంది. ఆ రక్తం దాచే ప్రైవేటు బ్యాంకులు ఈఎంఐల మీద ఆశ అమ్ముతాయంతే.

శారద: జీన్ రిపోర్ట్?

సతీష్: బొడ్డుతాడు గోల నేనడగలేదు సార్. మేడమ్, ఎస్‌హెచ్2డీ1ఏ అని ఏదో ఉంది. అది ముఖ్యమా?

శారద: అదే ముఖ్యం, మొదటే రాయాల్సింది. ఎక్స్‌ఎల్‌పీ అంటారు, ఈబీవీని ఒళ్లు అదుపు చేయలేని జబ్బు, ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపం. తల్లి ఆ లోపాన్ని మోసే క్యారియర్ అయితే ప్రతి మగబిడ్డకీ సగానికి సగం అవకాశం. పెద్దబాబుకి ఈబీవీ ఇంకా తగల్లేదేమో, అందుకే బాగున్నాడేమో. వాడికీ లోపముంటే హెచ్‌ఎల్‌ఏ ఎంత కలిసినా వాడి కణాలు పనికిరావు, పైగా వాడికీ వైద్యం చూడాలి. ఆ జీన్ తయారుచేసే ఎస్‌ఏపీ ప్రొటీన్ రక్తకణాల్లో ఉందో లేదో చూసే ఫ్లో సైటోమెట్రీ చేశారా అడగండి, జీన్ రిపోర్ట్ కన్నా త్వరగా వస్తుంది.

ప్రసాద్: ఎటొపొసైడ్ కీమో మందు. క్యాన్సరని చెప్పడానికి మొహమాటమా?

కుమార్: కాదండీ బాబూ. రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడితే, వాటిని అణచడానికి ఇస్తారు, హెచ్‌ఎల్‌హెచ్-94 అనే చికిత్సా విధానం నాటి నుంచీ ఉన్న పద్ధతే.

ప్రసాద్: కీమో అంటే క్యాన్సరే. మా బావమరిదిది మందుల షాపు.

కుమార్: తలసీమియా పిల్లలకీ ట్రాన్స్‌ప్లాంట్ ముందు కీమో ఇస్తారు. అదీ క్యాన్సరేనా?

సతీష్: మీరిద్దరూ ఆగండి సార్. పెద్దోడు పనికిరాకపోతే దారి లేదా?

శారద: ఉంది. దాత్రి, డీకేఎంఎస్ అనే మూలకణ దాతల రిజిస్ట్రీల్లో వెతుకుతారు. దొరక్కపోతే మీరే సగం మ్యాచ్ డోనర్ కావచ్చు. ఈలోపు జబ్బు మళ్లీ రేగకూడదు, రేగి ఉన్నప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే ప్రాణాపాయం ఎక్కువ.

వనజ: డబ్బు సంగతి కూడా చూసుకోండి అన్నా. అరుదైన వ్యాధులకి కేంద్రం 50 లక్షల దాకా సాయం చేస్తుంది, గుర్తించిన సెంటర్లలోనే. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి కలిసి చూస్తాయి. బాబు కేసు అందులోకి వస్తుందా అని అక్కడే అడగండి, బిల్లు కట్టాక కాదు, ముందే.

ప్రసాద్: క్యాన్సర్ కాకపోతే ఆంకాలజీ వార్డులో ఎందుకు పెట్టినట్టు?

సతీష్: ఫ్లో టెస్ట్ అడిగాను, పెద్దోడి శాంపిల్ రేపు పొద్దున తీస్తారట. థ్యాంక్స్ మేడమ్.

కుమార్: ప్రసాద్ గారూ, చాలా ఆసుపత్రుల్లో పిల్లల రక్తజబ్బులు కూడా చూసేది ఆ వార్డులోనే.