వేడెక్కాక ఐడ్లింగ్ దిగడం లేదు, 1,000–1,800 మధ్య ఊగుతోంది

ప్రశ్న:
పాత ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే) పెట్రోల్ కారు, కేబుల్ యాక్సిలరేటర్, మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం, అంటే మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది). చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. వేడెక్కాక ఐడ్లింగ్‌లో, అంటే పెడల్ తొక్కనప్పుడు, 800కి దిగాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పైకీ కిందికీ ఊగుతోంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవే. చెక్ ఇంజన్ లైటు రాలేదు. థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి తగ్గించవచ్చా?

జవాబు 1:
ఆ స్క్రూ జోలికి మాత్రం వెళ్లకండి. అది థ్రాటిల్ ప్లేటు (పెడల్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే రేకు) గోడకి ఇరుక్కోకుండా ఆపడానికి ఉంది. తిప్పితే టీపీఎస్ (ఆ ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) రీడింగ్ మారి, మీరు పెడల్ వదిలిన సంగతే ఈసీయూకి (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) తెలియకపోవచ్చు.

పెడల్ వదిలేసినా ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే, బండి దొర్లుతూ పోతోందనుకుని ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడగానే మళ్లీ ఇస్తుంది. అదనపు గాలి దాన్ని మళ్లీ పైకి లేపుతుంది. మీ ఊగుడు ఇదే. కాబట్టి ఆ గాలి ఎటు నుంచి వస్తోందో పట్టుకోవాలి.

కేబుల్‌కి కొద్దిగా వదులు ఉందో లేదో ముందు చూడండి. తర్వాత థ్రాటిల్ బాడీకి వచ్చే రబ్బరు డక్టు విప్పి, ఇంజన్ నడుస్తుండగా ప్లేటుకి ముందున్న బైపాస్ రంధ్రాన్ని వేలితో మూయండి. ఆర్‌పీఎం బాగా పడిపోతే గాలి ఐఏసీ వాల్వు (ఐడ్లింగ్‌లో ప్లేటు పక్కనుంచి ఎంత గాలి వెళ్లాలో సరిచేసేది) దారిలో వస్తోంది. ఏమీ మారకపోతే లీకు ప్లేటు తర్వాత ఎక్కడో ఉంది.

జవాబు 2:
లీకు అనిపిస్తే వ్యాక్యూమ్ పైపుల్ని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కొక్కటిగా నొక్కండి. పీసీవీ పైపు (ఇంజన్ అడుగు భాగంలోని ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి లాగేది) నొక్కితే కొద్దిగా తగ్గడం మామూలే. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కినప్పుడు తగ్గిందంటే బూస్టర్ డయాఫ్రమ్‌ని (లోపలి రబ్బరు పొరని) అనుమానించాలి, అది బ్రేకుల సంగతి, వాయిదా వేయొద్దు. మండే స్ప్రేలు వేడి ఇంజన్ మీద కొట్టకండి. మానిఫోల్డ్ గ్యాస్కెట్‌కి స్మోక్ టెస్టే (పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటమే) నయం.

జవాబు 3:
వేటినీ విప్పకముందు, ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడండి. పాత ఇంజన్లు చాలావాటిలో చల్లగా ఉన్నప్పుడు అదనపు గాలి ఇచ్చి, కూలెంట్ వేడికి మూసుకునే మైనపు వాల్వు ఒకటి ఉంటుంది. కూలెంట్ తగ్గి అక్కడ గాలి బుడగ చేరితే వాల్వుకి వేడి తగలదు, పూర్తిగా మూసుకోదు. చల్లగా బాగుండి వేడెక్కాక ఊగడం దీనికి సరిగ్గా సరిపోతుంది. కూలెంట్ నింపి గాలి తీశాక కూడా అలాగే ఉంటే అప్పుడు ఐఏసీ విప్పండి. థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో మసి కడగండి. స్టెప్పర్ (మెట్లు మెట్లుగా తిరిగే మోటారు) రకమైతే పిన్నుని చేత్తో లోపలికి నెట్టకండి, గేరు దెబ్బతింటుంది. బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయండి.