స్టోర్ కోసం పిస్టల్: గుండు సైజు 9 ఎం.ఎం. తీసుకోవాలా, .45 తీసుకోవాలా?

ఇర్వింగ్_తెనాలి:
అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు వచ్చాక ఇక్కడ టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఓ గ్యాస్ స్టేషన్ తీసుకున్నాం. రాత్రి పదకొండుకి నేనూ మా ఆవిడా కలిసి మూస్తాం. జనవరిలో మా రోడ్డు చివరి స్టోర్‌లో తుపాకి చూపించి గల్లా ఖాళీ చేయించారు. ఆ రోజు నుంచి తాళం వేసేటప్పుడు మా ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

ఊళ్లో మా మామయ్య దగ్గర లైసెన్స్ ఉన్న .32 రివాల్వర్ తప్ప నేను తుపాకి దగ్గరగా చూసింది లేదు. మొన్న శనివారం ఇద్దరం కాల్పుల ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్లి నాలుగు సైజుల పిస్టళ్లు అద్దెకు తీసుకుని కాల్చాం. .45 భుజం దాకా నెట్టింది. .40 చేతిలో ఎగిరిపడింది. చిన్నదని ఆశపడ్డ .380 జేబు పిస్టల్ అయితే మా ఆవిడ బొటనవేలి సందులో కొరికినట్టు తగిలింది. ఇద్దరికీ కుదిరింది 9 ఎం.ఎం. ఒక్కటే. కానీ పక్కన కాలుస్తున్న పెద్దాయన ".45 అయితే ఒక్క దెబ్బకి మనిషి పడిపోతాడు, మిగతావి దండగ" అన్నాడు. నిజమేనా?

హ్యూస్టన్_అక్క:
తమ్ముడూ, మీ చేతులు చెప్పిందే నమ్ము. నేను పదకొండేళ్లుగా కాలుస్తున్నాను, అందులో మొదటి నాలుగేళ్లు .40తోనే. మొదటి గుండు బాగానే తగిలేది, రెండోది ఎప్పుడూ పక్కకి పోయేది. 9కి మారాకే నా గుళ్లన్నీ ఒకచోట పడటం మొదలైంది.

లెక్క చూడు. .45 గుండు బరువు 230 గ్రెయిన్లు (గుళ్ల బరువు కొలిచే చిన్న కొలత), సెకనుకు సుమారు 850 అడుగుల వేగం. 9 ఎం.ఎం. 124 గ్రెయిన్లే, కానీ వేగం 1,150 దాకా ఉంటుంది. రెండింటి శక్తీ దాదాపు సమానం. .380 అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అయినా ఆ పిస్టల్ బాగా తేలిక, అందుకే చెయ్యి కొరికింది.

పిస్టల్ గుండు ఏదైనా మనిషిని ఎత్తి పడేయదు. ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు వెళ్లింది, అదే ముఖ్యం. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దొంగల్లో ఒకడికి ముందే తగిలిన 9 ఎం.ఎం. గుండు గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. అప్పటి నుంచే ఒంటి కండరానికి బదులుగా పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మలో గుండు 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న కొలత వచ్చింది. ఎఫ్‌బీఐ వాళ్లు 10 ఎం.ఎం.కి వెళ్లారు. అది చాలామందికి బరువైంది. 1990లో .40 వచ్చింది. తిరిగి తిరిగి చివరికి మళ్లీ 9కే వచ్చారు. ఈలోగా హాలో పాయింట్ గుళ్లు (కొనకు గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి) మెరుగుపడ్డాయి, పైగా 9తో ఎక్కువమంది గురిగా, త్వరగా కాల్చగలుగుతున్నారు.

ప్రాక్టీస్‌కి మామూలు గుళ్లు, స్టోర్‌లో 124 గ్రెయిన్ల హాలో పాయింట్. ఆ హాలో పాయింట్లు మీ పిస్టల్‌లో ఇరుక్కోకుండా ఆడుతున్నాయో లేదో రేంజ్‌లో కాల్చి చూశాకే నమ్ము. ఇంకోటి, వచ్చినవాడు డబ్బే అడిగితే ఇచ్చేయండి. గల్లాలో డబ్బు రేపు మళ్లీ వస్తుంది.

ప్లేనో_నుంచి:
అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మీ కౌంటర్‌కి ఎదురుగా ఏముంది? అద్దాల తలుపూ దాని వెనక పంపుల దగ్గర జనమూ ఉంటే, తప్పిన గుండు వాళ్ల మీదికే పోతుంది. జిప్సమ్ బోర్డు గోడలు ఏ సైజు గుండునీ ఆపవు. ఇంట్లో పిల్లలుంటే ముందు సేఫ్ కొనండి, తర్వాత పిస్టల్. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు గుళ్లు నింపిన తుపాకి అందేలా వదిలేస్తే మీ మీదే కేసు.

కొత్త_టెకీ:
నేను హెచ్1బి మీద ఉన్నాను. అపార్ట్‌మెంట్ కోసం నేనూ ఒకటి తీసుకోవచ్చా?

హ్యూస్టన్_అక్క:
వద్దు బాబూ. నీలాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటి సంగతి లాయర్‌ని అడగకుండా రేంజ్‌లో అద్దెకు కూడా ముట్టుకోకు.

ఇర్వింగ్_తెనాలి:
అక్కా, చాలా థ్యాంక్స్. ఈ రాత్రి కౌంటర్ దగ్గర నిలబడి చూశాం. ఎదురుగా సరిగ్గా రెండో నంబర్ పంపు ఉంది. ముందు కౌంటర్‌ని పక్క గోడ వైపు జరిపిస్తున్నాం, ఆ గోడ ఇటుకది. సేఫ్ ఆర్డర్ పెట్టాను. ఆదివారం మా ఆవిడ మళ్లీ 9 కాల్చి చూస్తానంటోంది.